నాట్యానికి వాయించే సంగీతం మీకు బతకడం గురించి ఏమి నేర్పింది?

ఆలస్యపు అడుగు:
నలభై దాటాక కూచిపూడిలో చేరాను. చివరి వరుసలో, మా అబ్బాయి వయసు పిల్లల వెనుక నిలబడి అడుగులు వేస్తున్నాను. మొన్న మా గురువుగారు తట్టుకర్ర ఆపి అందరికీ ఒక మాట చెప్పారు. “అడుగు తప్పితే దాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోవద్దు. ఆదితాళం ఎనిమిది అక్షరాలే, అంటే ఎనిమిది దెబ్బలే. తాళం మొదలయ్యే సమం మళ్ళీ వస్తుంది, అక్కడ కలుసుకో.” అప్పటినుంచి ఆఫీసులో, ఇంట్లో, ఎక్కడ ఏది చెడినా ఆ మాటే చెవిలో మోగుతోంది. పాడేవారు, వాయించేవారు, ఆడేవారు, ఊరికే వినేవారు అందరూ రాయండి. నాట్యసంగీతం మీ బతుక్కి ఏమి చెప్పింది? అలాగే మోకాళ్ళ నొప్పికి ఏమి చేస్తున్నారో, గజ్జెలు తోలు పట్టీవి మంచివో తాడుకు గుచ్చినవి మంచివో కూడా చెప్పండి.

కృష్ణాతీరం:
మా అమ్మాయి రంగప్రవేశానికి వాద్యబృందం ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. సరే, ఆ రోజు రానే వచ్చింది. తరంగం నడుస్తోంది, పిల్ల ఇత్తడి పళ్ళెం అంచు మీద ఉంది. కుడికాలి గజ్జెల పట్టీ వదులై జారుతోంది. నట్టువాంగం చేస్తున్నావిడ, అంటే తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించే ఆవిడ, ఒక్క చూపు చూశారు. గాయని అదే చరణం మళ్ళీ ఎత్తుకున్నారు, మృదంగం ఆయన దెబ్బ తగ్గించి మెత్తగా నడిపించారు. మా అమ్మాయి పళ్ళెం దిగి, యశోద చిన్ని కృష్ణుడికి గజ్జెలు కడుతున్నట్టు వంగి, తన పట్టీ తాను బిగించుకుంది! సభలో సగం మంది అది నాట్యంలో భాగమే అనుకొని చప్పట్లు కొట్టారు. నాకు తెలిసింది ఒక్కటే, మన కాళ్ళ వైపు ఒక కన్ను వేసి ఉంచే మనుషులు చుట్టూ ఉండాలి. రికార్డింగు పెట్టుకొని ఆడేవాళ్ళకు ఈ భాగ్యం ఎక్కడిది?

ఊరూరా గజ్జె:
ఆ భాగ్యానికి డబ్బు కావాలి, కృష్ణాతీరం గారూ. నేను చిన్న పట్టణంలో నాట్యం చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లల తండ్రులు ఆటో నడుపుతారు, కిరాణా కొట్లో పొట్లాలు కడతారు. హాలు అద్దె, దుస్తులు, అలంకరణ అయ్యేసరికే వాళ్ళు అప్పుకు వెళ్తారు. ఆపైన గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు. వాళ్ళ రిహార్సళ్ళు, రానుపోను ఖర్చులు, భోజనాలు, శాలువాలు. నేను రికార్డు మీదే నేర్పుతాను, రికార్డు మీదే ఆడిస్తాను. రికార్డు ఎవరి పట్టీ ఊడినా ఆగదు. మా పిల్లలకు లోకం కూడా ఆగదు. ఆగని దాని పక్కన ఎలా నడవాలో వాళ్ళకు పదేళ్ళకే తెలుసు. మొన్న ఒక పాప ఏడు అక్షరాల మిశ్రచాపు తాళంలో, అదే నాలుగు-మూడు నడకలో, మధ్యలో కరెంటు పోతే పాట లేకుండానే నోటితో సొల్లుకట్టు, అంటే తకధిమి తకిట లాంటి జతులు, చెప్పుకుంటూ పూర్తి చేసింది. ఏ వాద్యబృందం నేర్పింది దానికి?

మద్దెల మాస్టారు:
ముందుగా ఒక సవరణ. మిశ్రచాపు మూడు-నాలుగు. తకిట, తకధిమి. నాలుగు-మూడు అని పిల్లలకు చెబితే దేవుడే దిక్కు.

ఇక అసలు సంగతి. మీలో చాలామంది పుట్టక ముందు నుంచి నేను నాట్యానికి మృదంగం వాయిస్తున్నాను. కచేరీ మృదంగం వేరు, నాట్య మృదంగం వేరు. కచేరీలో గాయకుడి నోటిని చూస్తాం, ఇక్కడ కాళ్ళు చూడాలి, కళ్ళూ చూడాలి. ఒకే అమ్మాయి ఒకే జతిని సిమెంటు గచ్చు మీద ఒక కాలప్రమాణంలో, అంటే ఒక వేగంలో, ఆడుతుంది, చెక్క వేదిక మీద మరో కాలప్రమాణంలో. జ్వరం తగ్గిన మర్నాడు ఇంకోలా ఆడుతుంది. అది పట్టుకోవడమే మా విద్య.

క్షేత్రయ్య పదమే తీసుకోండి. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, పల్లవి ఒక్క వాక్యం పాడతారు. నర్తకి దానికి ఒకసారి అలుగుతుంది, ఒకసారి ఎత్తిపొడుస్తుంది, ఒకసారి కన్నీళ్ళు మింగుతుంది. ఆమె మనసు నిండేదాకా గాయని ఆ వాక్యాన్నే తిప్పి తిప్పి పాడుతుంది. చాలనిపించినప్పుడు నర్తకి కంటితో చెబుతుంది, ముందుకు వెళ్తాం. రికార్డులోనో? ఆరుసార్లు పాడి పెట్టారు కాబట్టి ఆరుసార్లే అలగాలి. ఏడోసారి అలగాలనిపిస్తే మర్నాడు రమ్మంటారా నాయకుణ్ణి?

వీణ తీగ:
మాస్టారూ, ఆరుసార్ల అలక చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. అయితే నాలుగు-మూడు నడక అసలు లేదన్నట్టు రాశారు. విలోమచాపు ఉంది కదా? శ్యామశాస్త్రి కృతుల్లో వాయించే ఉంటారు.

మద్దెల మాస్టారు:
ఉంది. వాయించాను. దాన్ని విలోమం అనే అంటారు, మిశ్రచాపు అని విడిచిపెట్టరు. నాకు తెలియనట్టు అడగడం ఏమిటి?

ఊరూరా గజ్జె:
నేను ఆ పాపకు నేర్పిన వరస నాలుగు-మూడే. మీరు చూడని పాట గురించి దేవుడే దిక్కు అనేశారు. ఇదీ మీ పెద్దరికం.

జడకోపు:
అన్నల కోపం చల్లారేలోగా మా కోలాటం మాట చెబుతాను. పైన కట్టిన తాళ్ళు ఒక్కొక్కరం ఒక చేత పట్టుకొని, మరో చేత కోల వేస్తూ, ఒకరి లోపలి నుంచి ఒకరం, ఒకరి బయటి నుంచి ఒకరం తిరుగుతాం. పాట సగానికి వచ్చేసరికి తాళ్ళన్నీ జడలా అల్లుకుపోతాయి. చూసేవాళ్ళు అక్కడే చప్పట్లు కొడతారు. అసలు పని ఆ తర్వాతే ఉంది. అదే పాట, అదే దరువు, కోపు, అంటే ఆట వరస, మాత్రం తిరగేసి ఆడి ఆ జడ విప్పాలి. అల్లేటప్పుడు ఒక్క మనిషి లోపలికి వెళ్ళాల్సిన చోట బయటికి వెళ్ళినా అప్పటికి ఎవరికీ తెలియదు, విప్పేటప్పుడు ముడి పడి అందరూ నిలబడిపోతారు. మా అత్తగారు జట్టుకు పెద్ద. కొత్త కోడళ్ళకు ఆవిడ ముందు విప్పడమే నేర్పేవారు. మేమంతా విసుక్కునేవాళ్ళం. ఉమ్మడి కాపురంలో పదేళ్ళు గడిచాక ఆవిడ తెలివి నాకు అర్థమైంది. తగవు ఎలా మొదలైందో కాదు, ఏ వరసలో అల్లుకుందో గుర్తు పెట్టుకున్న మనిషే దాన్ని విప్పగలదు.

పళ్ళెం మీద ఆడే పిల్లకు నా దీవెనలు.

కృష్ణాతీరం:
ధన్యవాదాలు అక్కా. ఊరూరా గజ్జె గారూ, నేను డబ్బు గొప్ప చెప్పుకోలేదు. ఆ ఖర్చుకు నా గాజులు అమ్మాను.

ఊరూరా గజ్జె:
గాజులు ఉన్నవాళ్ళు అమ్మగలరు.

డప్పు దరువు:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. నాట్యసంగీతం అంటే మృదంగం, వీణ, కోలాటం దాకా వచ్చారు, అక్కడే ఆగిపోయారు. మా తాత డప్పు కొట్టేవాడు. చావుకు, చాటింపుకు, జాతరకు ఆయన కావాలి. పెళ్ళి ఊరేగింపులో ముందు నడవాలి, పందిట్లోకి రాకూడదు. అది కళ అని అప్పుడెవరూ అనలేదు, వెట్టి అనే పేరు కూడా పెట్టలేదు, నీ పని అన్నారు అంతే. మా నాన్న ఒకనాడు ఆ డప్పు గోడకు తగిలించి ఇక కొట్టనన్నాడు. నేను కాలేజీలో మళ్ళీ దించాను, సభల్లో, ఊరేగింపుల్లో, నా ఇష్టం వచ్చిన చోట కొట్టడానికి. తాత కొట్టిన దరువే నేనూ కొడతాను. నన్ను పిలిచేవాడు రమ్మంటే వస్తాను, వద్దనుకుంటే రాను. నాకు డప్పు నేర్పిన పాఠం ఇది. ఆంధ్రలో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, మంచిదే. మా తాత చేతికి అది అందలేదు.

ఇక్కడ పాఠాలు ఏరుకుంటున్నవారు వాయించేవాడి కడుపు గురించి కూడా ఒక ముక్క రాయండి.

మద్దెల మాస్టారు:
బాగా రాశారు తమ్ముడూ. డప్పు దరువుల్లో తిశ్రం, ఖండం, అంటే మూడు, ఐదు లెక్కలు అన్నీ ఉన్నాయి. శాస్త్రం తెలియకుండానే మీవాళ్ళు అద్భుతమైన లెక్క వాయిస్తారు.

డప్పు దరువు:
శాస్త్రం తెలియకుండా అంటే ఏమిటండీ? మబ్బు పట్టిన రోజు తోలు ఎంత కాపాలో, మంటకు ఎంత దూరంలో పట్టాలో, సిర్ర అనే లావు కర్ర ఎక్కడ పడాలో, సిటికెన పుల్ల ఎక్కడ ఆడాలో తెలియడం శాస్త్రం కాదా? మీ పుస్తకంలో పేరు ఉంటేనే శాస్త్రమా? మీ తకిట మా దరువులో నుంచి వెళ్ళలేదని మీరు చెప్పగలరా?

మద్దెల మాస్టారు:
మెచ్చుకుంటే కూడా తప్పేనా?

వీణ తీగ:
మెచ్చుకోలు పైనుంచి కిందికి వచ్చింది మాస్టారూ, అదీ ఇబ్బంది.

పేరిణి అభిమాని:
800 ఏళ్ళుగా ఆగకుండా మోగుతున్న పేరిణి అనే వీరనృత్యం గురించి ఎవరూ రాయలేదు. కాకతీయ సైనికులు యుద్ధానికి ముందు ఆ తాళానికే ఒళ్ళు మరిచేవారని చెబుతారు. ధైర్యం నేర్పే సంగీతం అది.

మద్దెల మాస్టారు:
ఆగకుండా మోగలేదు. మధ్యలో చాలా కాలం మూగబోయింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథాన్ని, రామప్ప గుడి శిల్పాలను దగ్గర పెట్టుకొని 20వ శతాబ్దంలో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిల్పంలో భంగిమ దొరుకుతుంది, మద్దెల పట్టుకున్న చెయ్యి కూడా దొరుకుతుంది. ఆ చెయ్యి వాయించిన దెబ్బ దొరకదు. గ్రంథంలో ఉన్నదానితో, చేతిలో ఉన్న విద్యతో కొత్తగా కట్టుకోవాల్సిందే. వాద్యం వాయించేవాళ్ళు పోతే ఏమి పోతుందో దీన్ని బట్టి తెలుసుకోండి.

పేరిణి అభిమాని:
కట్టుకున్నారు కదా, నేను చెప్పిందీ అదే.

మద్దెల మాస్టారు:
మీరు చెప్పింది అది కాదు. పైకి వెళ్ళి చదువుకోండి.

షికాగో చలి:
ఇక్కడ ఎవరూ అడగని ఊరి నుంచి రాస్తున్నాను. షికాగో శివార్లలో ఉంటాను. శనివారం పొద్దున మా పాపను కూచిపూడి క్లాసుకు దింపి, కారులో హౌస్ సంగీతం, అంటే క్లబ్బుల్లో ఆడడానికి వాయించే సంగీతం, వింటూ కూర్చుంటాను. ఈ ఊళ్ళోనే పుట్టింది అది. వేర్‌హౌస్ అనే క్లబ్బులో 1977 నుంచి ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు తిప్పేవాడు. వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి స్వలింగ సంపర్కులు, బయట ఎక్కడా కాలు కదిపే చోటు లేనివాళ్ళు. 1979 జులై 12న ఇదే ఊళ్ళో బేస్‌బాల్ మైదానంలో డిస్కో గిట్టనివాళ్ళు ఆ రికార్డులు కుప్ప పోసి పేల్చారు. జనం మైదానం మీద పడ్డారు, ఆ రోజు జరగాల్సిన రెండో ఆట రద్దయింది. డిస్కో పని అయిపోయిందని పత్రికలు రాశాయి. క్లబ్బుల్లో ఆడే ఈ ఊరి కుర్రాళ్ళు అవే డిస్కో రికార్డులు పట్టుకొని, డ్రమ్ యంత్రం జోడించి, నాలుగు దెబ్బలూ సమానంగా పడే దరువు కట్టారు. 2004లో ఆ క్లబ్బు ఉన్న వీధికి ఫ్రాంకీ నకుల్స్ పేరు పెట్టారు.

ఇంకో సంగతి. రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది. బేస్ గిటార్ వాయించే మనిషి దొరకని వాళ్ళకు సాధన కోసం. దాని మోత గిటార్‌లా లేదని పెద్దగా ఎవరూ కొనలేదు, 1984లో తయారీ ఆపేశారు. పాత సామాన్ల కొట్లలో చవకగా పడి ఉన్న ఆ పెట్టెను షికాగో కుర్రాళ్ళు కొని, మరలు ఇష్టం వచ్చినట్టు తిప్పి, అది ఏ వాద్యంలా ఉండాలో మరిచిపోయి వాయించారు. హౌస్‌లో యాసిడ్ హౌస్ అనే కొత్త రకం అలా వచ్చింది. నా ఉద్యోగం పోయిన ఏడాది ఈ కథ నాకు చాలా పనికొచ్చింది. నన్ను ఒక పనికని తయారు చేశారు, ఆ పనికి నేను పనికిరానన్నారు. సరే, ఇంకేమి మోత చేయగలనో చూద్దామనుకున్నాను. ఇప్పుడు రెండేళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్నాను, హాయిగా ఉన్నాను.

రికార్డు ఆగదు అంటున్నారు పైన. మంచి డీజే ఆగుతాడండీ. నేల మీద కాళ్ళు అలసిపోతున్నాయని చూసి దరువు పలచన చేస్తాడు. రెండో రికార్డు వేగాన్ని మొదటి దానికి సరిపెట్టి, ఎక్కడ మారిందో తెలియకుండా దాటిస్తాడు. పెట్టె ముందు కూర్చున్న మనిషి ఎటు చూస్తున్నాడన్నదే ముఖ్యం.

ఊరూరా గజ్జె:
ఇది నాకు నచ్చింది. కంప్యూటర్లో పాట వేగం తగ్గించి పెంచే సదుపాయం నేను రోజూ వాడతాను. చిన్నపిల్లలకు కాస్త తగ్గిస్తాను, శ్రుతి మారకుండా. మాస్టారు వింటే కొడతారు.

మద్దెల మాస్టారు:
కొట్టను. తగ్గించడం మంచిదే. విలంబంలో నిలబడలేనివాళ్ళు ద్రుతంలో పరిగెత్తి దాక్కుంటారు. నాకు పిల్లల మీద కన్నా పెద్దల మీద ఈ ఫిర్యాదు ఎక్కువ.

ఉయ్యాల పాట:
డీజే అన్నారు కాబట్టి అడుగుతున్నాను. బతుకమ్మను ఆ డీజే పెట్టెల నుంచి ఎవరు కాపాడతారు? మా అమ్మ పాట చెప్పేది. ఒక్కతే చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళం ఉయ్యాలో అని అందుకొని చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్ళం. వాద్యం లేదు, మైకు లేదు. పాట మొత్తం ఒక్కరికి వస్తే చాలు, తక్కిన వాళ్ళకు ఉయ్యాలో వస్తే చాలు. మేము ఉయ్యాలో అనే లోపల అమ్మ ఊపిరి తీసుకునేది, తర్వాతి చరణం గుర్తు తెచ్చుకునేది. ఇప్పుడు పెట్టెలో నుంచి పాట వస్తుంది, ఎవరికీ ఊపిరి తీసుకునే పని లేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఫోనులో తమ ముఖం తాము చూసుకుంటారు.

మూడో అంతస్తు:
మళ్ళీ మొదలు. మా అపార్టుమెంటులో వందలమంది ఆడవాళ్ళం. ఒక్కరి గొంతు ఎంత దూరం వినిపిస్తుంది? చుట్టు చివర ఉన్నవాళ్ళు ఏ పాటకు చప్పట్లు కొట్టాలి? పాట చెప్పే పెద్దావిడలు మాకు నేర్పకుండానే ఊళ్ళో ఉండిపోయారు. మాకు పెట్టె దొరికింది, పెట్టెతో ఆడుకుంటున్నాం. మా అత్తగారికి మోకాళ్ళు వంగవు, ఆ దరువు వినగానే లేచి రెండు చుట్లు తిరుగుతుంది. ఆమెకు వెళ్ళి చెప్పండి ఇది తప్పని.

ఉయ్యాల పాట:
నేర్పలేదంటే ఎవరు అడిగారు నేర్పమని? మా అమ్మ ఇప్పటికీ ఉంది, పాటలన్నీ నోటికి వచ్చు. ఒక్క కోడలు వచ్చి కూర్చుంటే కదా.

మూడో అంతస్తు:
ఫోనులో పాడించి పంపండి. నిజంగానే అడుగుతున్నాను. నేను నేర్చుకుంటాను.

ఉయ్యాల పాట:
ఆమె ఫోనుకు పాడదు. ఎదురుగా ఉయ్యాలో అనేవాళ్ళు ఉండాలి.

నిర్వాహకుడు:
బతుకమ్మకు వేరే చర్చ తెరిచాను, డీజే తగవు అక్కడ పెట్టుకోండి. కులం మాటల్లో మర్యాద పాటించాలి. మిశ్రచాపు మీద ఇక ఒక్క వ్యాఖ్య వచ్చినా తీసేస్తాను.

డప్పు దరువు:
మర్యాద పాటించమని ఎవరికి చెబుతున్నారో పేరు పెట్టి చెప్పండి.

ఆలస్యపు అడుగు:
అందరికీ నమస్కారం. జడకోపు గారి అత్తగారి మాట మా ఇంట్లో రెండుసార్లు పైకి చదివాను. మోకాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు తెరిచి సగం వంచిన భంగిమలో, కూర్చుంటే కుడి మోకాలు పట్టేస్తోంది. మా క్లాసు గ్రానైట్ నేల మీద జరుగుతుంది.

వీణ తీగ:
గ్రానైట్ నేలా? అదే మీ జబ్బు. పాతరోజుల్లో మట్టి నేల మీద ఆడేవారు, కాలి దెబ్బ కొంత నేల మింగేది. రాతి మీద ఆ దెబ్బంతా తిరిగి మోకాలికే వస్తుంది. కింద ఖాళీ ఉంచి పరిచిన చెక్క నేల అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే సాధన తగ్గించి, తట్టు, అంటే కాలి దెబ్బ, మెత్తగా వేయండి. ఇంకోటి, అరమండిలో మోకాలు కాలివేళ్ళ వైపే తెరుచుకోవాలి. పాదం పక్కకు తిప్పి మోకాలు ముందుకే ఉంచితే కీలు మెలిపడుతుంది. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించుకోండి, చర్చలో వైద్యం వద్దు. గజ్జెలు తోలు పట్టీవి కట్టడం తేలిక, చెమటకు పాడవుతాయి. తాడువి బిగుతుగా నిలుస్తాయి, కట్టుకోవడానికి ఓపిక కావాలి.

మద్దెల మాస్టారు:
తట్టు మెత్తగా వేయమనడం సరికాదు. తట్టు వినబడకపోతే మృదంగానికి ఆధారం ఏది?

వీణ తీగ:
ఆవిడ క్లాసులో మృదంగమే లేదు మాస్టారూ.

మద్దెల మాస్టారు:
అదే నా బాధ. ఊరూరా గజ్జె గారూ, మీ పట్టణం పేరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా సందేశం పంపండి. మీ వార్షికోత్సవానికి వచ్చి వాయిస్తాను. బస్సు ఖర్చు చాలు, శాలువా వద్దు. ఇంట్లో శాలువాలు పెట్టె నిండా ఉన్నాయి, ఏ ఒక్కటీ చలికి ఆగదు.

ఊరూరా గజ్జె:
రండి. రెండు షరతులు. ఆ ఏడు అక్షరాల పాటను మా పిల్లలు నేర్చుకున్న నడకలోనే వాయించాలి. పిల్లల ముందు నన్ను తిట్టకూడదు.

మద్దెల మాస్టారు:
మొదటిది ఒప్పుకున్నాను. రెండోది రిహార్సల్ చూశాక చెబుతాను.

కృష్ణాతీరం:
నట్టువాంగానికి మా అమ్మాయిని పంపిస్తాను, గురువుగారు ఒప్పుకుంటే. తాళాలు తనవే ఉన్నాయి.

ఊరూరా గజ్జె:
పంపండి. శనివారం మాత్రం వద్దు, ఆ హాలును పెళ్ళివాళ్ళు ముందే తీసేసుకున్నారు. ఆదివారం పొద్దున పదింటికి ముందు వస్తే ధ్వని పరికరాల వాడికి డబ్బు ఇవ్వక్కరలేదు, వాడు పదింటికి గాని నిద్ర లేవడు.